అద్దంలో మూడో మొహం

"కన్నుకొడుతున్నావా లేదా? ముందు ఆ ఒక్క ముక్క చెప్పు!"

రంజాన్ గారు ఆల్బమ్‌ను విసిరికొట్టిన విసురుకి జానీబీ చాటలోని ఎండుమిరపకాయలు ఎగిరి అవతల పడ్డాయి. వరండాలో చాపేసుకుని తొడిమలు తీస్తున్న ఆ పెద్దావిడ వాటిని ఏరి మళ్లీ చాటలో వేసుకుందే గానీ తలెత్తలేదు. కొడుకు ఇషాక్ నిర్వాకాలు ఆవిడకి కొత్తేం కాదు.

"అది కన్నుకొట్టడం కాదండీ బాబూ," అన్నాడు ఇషాక్. రంజాన్ గారూ ఆయన కొడుకూ వచ్చినప్పటినుంచీ ఇదే మాట చెప్పీ చెప్పీ అతని గొంతు బొంగురుపోయింది. "పెద్ద కెమెరాకి ఒక కన్ను ఆనించి చూడాలి. రెండో కన్ను మూసుకోవాలి. లోకంలో ఫోటోగ్రాఫర్లందరూ అలాగే తీస్తారు."

"లోకంలో ఫోటోగ్రాఫర్లందరూ మా కోడలి అద్దంలోకి దూరారా?"

ఇషాక్ కళ్లు కిందపడ్డ ఆల్బమ్ మీదికి పోయాయి.

ఆల్బమ్ పడటం కూడా సరిగ్గా ఆ పేజీ దగ్గరే తెరుచుకుని పడింది. ఎర్ర దుప్పట్టా కింద తలవంచుకున్న పెళ్లికూతురు నస్రత్, ఆమె ఒళ్లో అద్దం. ఆ అద్దంలో పెళ్లికొడుకు మొహం ఉండాల్సిన చోట గుమ్మడికాయంత లెన్సు, దాని కింద ఇషాక్ గడ్డం, పక్కన గట్టిగా మూసిన అతని కన్ను. ఆల్బమ్ తయారుచేసినవాళ్లు, ఆ మొహం ఎవరిదో తెలియని పాపానికి, అద్దం చుట్టూ గులాబీల దండ కూడా అచ్చువేసి పెట్టారు.

ఇంకెవరి సంగతైనా అయితే షమా పడీపడీ నవ్వేది. గుమ్మం పక్కన నిలబడి మొగుడు ఇషాక్ మొహం చూస్తుంటే ఇప్పుడామెకి ఒళ్లు మండుతోంది.

నిఖా అయ్యాక అద్దం చూపించే జల్వాలో కూర్చున్న పెళ్లికూతురు అద్దంలో మొట్టమొదట చూడాల్సింది మొగుడి మొహం. నిశ్చితార్థం అయిన దగ్గర్నుంచీ ఆ పిల్లా ఈ పిల్లాడూ ఫోన్లో మొహాలు చూసుకుంటూనే ఉన్నారు, ఎవరు ఏ పూట ఏ కూర తిన్నారో కూడా వాళ్లకి తెలుసు. అయినా ఆచారం ఆచారమే. ఆ ఒక్క క్షణం కోసం ఆడవాళ్లందరూ దుప్పట్టా పట్టుకుని, ఊపిరి బిగపట్టి నిలబడతారు. అలాంటి క్షణంలో ఒంటికన్ను వేసుకుని ఇషాక్ ప్రత్యక్షమయ్యాడు.

"ఈ ఆల్బమ్ ఇంటికొచ్చిన రోజే మా ఆవిడ మెట్లమీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది," అన్నారు రంజాన్ గారు. పొన్నూరులో బియ్యం వ్యాపారం ఆయనది. గోడౌన్లో హమాలీల మీద అరిచి అరిచి, మామూలు మాట కూడా కేకలాగే వస్తుంది. "పరాయి మగాడి మొహం చూసిన కళ్లతో పిల్ల మన గడపలో అడుగుపెట్టింది, ఇక ఇల్లెలా బాగుపడుతుంది అని ఒకటే ఏడుపు. కోడల్ని కొత్తపట్నం, పుట్టింటికి పంపించేశాం. శుక్రవారం పెద్దల్లో కూర్చుంటున్నాం."

"పెద్దల్లో కూర్చోవడమంటే?" అని అడిగేసింది షమా.

"ఏముందమ్మా, తెగ్గొట్టుకోవడమే."

పెళ్లినాడు నస్రత్ షమా చెయ్యి పట్టుకుని, "అక్కా, జల్వాకి లోపల నువ్వే ఉండు. నీ చిన్న కెమెరా అయితే నాకు భయం ఉండదు," అంది. ఆ పిల్లకి మాట ఇచ్చింది షమా.

గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెళ్లికొడుకు వాసిం జేబులో ఫోను మోగింది. తీసి చూసుకున్నాడు. తండ్రి వంక ఒకసారి చూసి, కాల్ కట్ చేసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కాపురం తనదన్న సంగతే ఆ అబ్బాయికి గుర్తున్నట్టు లేదు.

"అద్దం సంగతి ఖురాన్‌లో ఎక్కడ రాసుందయ్యా?" అంది జానీబీ తొడిమ తుంచుతూ.

"మా ఆవిడ చెయ్యి విరిగింది కదమ్మా!"

"మెట్లు కడిగి తుడవకపోతే విరక్క ఏమవుద్ది?"

రంజాన్ గారు ఏదో అనబోయారు గానీ మిరపకాయల ఘాటు గొంతుకి అడ్డంపడి దగ్గు ముంచుకొచ్చింది. ఆ సందులో ఇషాక్ ఎదురుదాడికి దిగాడు.

"అసలు తప్పంతా మీదేనండీ. పెళ్లిరోజు నన్ను పక్కకి పిలిచి ఏమన్నారు? 'సబ్బుపెట్టెంత కెమెరాతో ఆడమనిషి చేత తీయిస్తున్నావేంటయ్యా, చుట్టాల్లో మా పరువేం కావాలి, ఆ పెద్దది బైటికి తియ్' అన్నారా లేదా?"

"పెద్దది తియ్యమన్నాను. దుప్పట్టాలోకి దూరమన్నానా?"

"దూరకపోతే జల్వా ఎలా వస్తుందండీ?"

"ఇదిగో, ఇలా వస్తుంది!" రంజాన్ గారు కాలితో ఆల్బమ్‌ను చూపించారు. "మీ స్టూడియో పేరు చెబితే ఒంగోలు నుంచి తెనాలి దాకా నవ్వుతున్నారు. జల్వాకి పెళ్లికొడుకు రాకపోయినా పర్వాలేదు, ఇషాక్ వస్తాడు అంటున్నారు."

ఇషాక్ మొహం నల్లబడిపోయింది. పెద్ద కెమెరా కొన్న రోజు నుంచీ అతని నడకే మారిపోయింది. దాన్ని మెళ్లో వేసుకుని రోడ్డెక్కితే జిన్నింగు మిల్లు దగ్గర టీ తాగేవాళ్లు కూడా "ఏం ఇషాక్ భాయ్, పెద్ద పెళ్లా?" అని లేచి పలకరిస్తారు. ఇప్పుడు వాళ్లే వెనక కన్నుకొట్టి చూపిస్తున్నారని అతనికి తెలుసు. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక, చేతికందిన పెళ్లాం మీదే చూపించాడు.

"ఇదంతా దీనివల్లే వచ్చింది. అది లోపల సరిగ్గా తీస్తే నేనెందుకు వెళ్తాను?"

షమా ఇక ఆగలేకపోయింది.

"నేను తీశాను."

రంజాన్ గారు గిర్రున ఆమె వైపు తిరిగారు.

"ఈయన వచ్చి నన్ను తోసెయ్యకముందే ఒకటి తీశాను," అంది షమా. "అద్దంలో వాసిం తమ్ముడి మొహం ఉంది. అదే మొదటిది. ఈయన వెనకనుంచి వచ్చి, 'జరుగు' అని నా భుజం మీద చెయ్యేసి నెట్టారు. ఆడవాళ్లు కెవ్వుమని కొంగులు లాక్కున్నారు. ఆ తర్వాతే ఈ ఒంటికన్ను ఫోటో."

"అది రాలేదు," అన్నాడు ఇషాక్.

"వచ్చింది. ఆ రోజే స్క్రీన్లో చూశాను."

రంజాన్ గారు కుర్చీలోంచి సగం లేచారు. "ఏదీ? ఆ ఫోటో ఎక్కడుంది?"

"కెమెరాలోనే ఉంది."

"కెమెరా ఏదమ్మా?"

షమా మొగుడి వైపు చూసింది. పెళ్లి నుంచి వచ్చిన రోజే ఇషాక్ ఆ చిన్న కెమెరాని బీరువాలో పడేసి తాళం వేశాడు. అందులోని ఫోటోలు తియ్యనివ్వలేదు. అద్దంలో పడింది ఎవరి మొహమో కూడా చూసుకోకుండా, ఆల్బమ్ మొత్తం తన పెద్ద కెమెరా ఫోటోలతోనే నింపాడు.

"ఒకసారి లోపలికి రా," అన్నాడు ఇషాక్.

లోపలి గదిలోకి వెళ్లాక తలుపు దగ్గరగా వేశాడు.

"నీకు బుద్ధుందా? వాళ్లు నాలుగు తిట్లు తిట్టి పోయేవాళ్లు. ఇప్పుడు ఆ సబ్బుపెట్టె తీసి చూపిస్తే ఏమవుద్దో తెలుసా? పెళ్లాం తీసింది నిలబడింది, మొగుడు తీసింది నవ్వులపాలైంది అంటారు. రేపట్నించీ పెళ్లిళ్లవాళ్లు నాకు ఫోన్ చేస్తారా, నీకు చేస్తారా?"

"అక్కడ ఒక పిల్ల కాపురం పోతుంటే మీకు ఫోన్లు గుర్తొస్తున్నాయా?"

"నీ కెమెరా నీకు గుర్తు రాలేదా? పెద్దది పనికిరాదు, నా చిన్నదే గొప్పది అని ఊరంతా చాటుకోవడానికేగా ఇదంతా!"

"మీ పెద్దది పనికిరాదని నేనెప్పుడన్నా అన్నానా?" షమా గొంతు తగ్గించింది గానీ మాట వాడి తగ్గలేదు. "చీకట్లో కూడా ఫ్లాష్ లేకుండా తీస్తుంది. స్టేజీ మీద దానికి సాటి లేదు. మిరప కల్లంలో మీరు తీసిన జంటల ఫోటోలు చూసి నేనే మెచ్చుకున్నాను. కానీ ఆడవాళ్ల గదిలోకి అది వస్తే ప్రతి ఒక్కరూ కొంగు లాక్కుంటారు. నా చేతిలో ఇది ఉంటే కెమెరా ఉందన్న సంగతే మర్చిపోతారు. ఏది ఎక్కడ తియ్యాలో తెలియక కాదు మీకు. పెళ్లాం చేతిలో కెమెరా ఉండటమే మీకు పడదు."

ఇషాక్ చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. బయట రంజాన్ గారు కుర్చీ ఇటూ అటూ జరుపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"తాళం ఇవ్వండి."

"ఇవ్వను."

"అడుగుతున్నాను. ఇవ్వండి."

"పోయింది."

తలుపు తోసుకుని జానీబీ వచ్చింది. రెండు చేతులూ మిరప పొడితో ఎర్రగా ఉన్నాయి.

"ఒరేయ్ ఇషాకూ, తాళం ఇస్తావా, ఈ చేతుల్తో నీ మొహం తుడవమంటావా?"

"అమ్మా, నీకు తెలీదు, నువ్వు ఊరుకో."

"నాకు తెలిసింది చాలు. ఆ మూసుకున్న కన్నే తుడుస్తాను ముందు."

ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. ఇషాక్ రెండడుగులు వెనక్కివేశాడు. అన్నంత పనీ చేసే మనిషని అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి మంచం మీద పడేశాడు.

కెమెరా మీద సన్నగా దుమ్ము పట్టింది. షమా పైటచెంగుతో తుడిచి, ఆన్ చేసి, వరండాలోకి పట్టుకొచ్చింది. చార్జింగు అడుగంటినా స్క్రీను వెలిగింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఆ వెలుగులో ఎర్ర దుప్పట్టా, నస్రత్ వంచిన తల, ఆమె ఒళ్లో అద్దం. అద్దంలో వాసిం మొహం, నుదుటి నుంచి వేలాడే సెహరా పూలు, బిత్తరపోయిన నవ్వు.

రంజాన్ గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కెమెరాని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నారు.

"అల్‌హందులిల్లా! వీడే! మావాడి మొహమే!" కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "చూడరా వాసిం, నువ్వేరా! మరి ఇన్నాళ్లూ ఈ ఫోటో దాచిపెట్టి మా కొంప ఎందుకు ముంచావయ్యా ఇషాక్?"

ఇషాక్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. షమాకి జాలి వెయ్యలేదు. ఇన్నాళ్లకి ఊపిరి తీసుకున్నట్టయింది.

వాసిం లేచొచ్చి తండ్రి చేతిలోంచి కెమెరా తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత జూమ్ బటన్ నొక్కాడు. అద్దంలో తన మొహం పెద్దదై, ఫోటో పక్కకి జరిగి, నస్రత్ మొహం స్క్రీను నిండా వచ్చింది. అతని భుజం వెనకనుంచి చూస్తున్న షమా బిగుసుకుపోయింది.

నస్రత్ కళ్లు మూసుకుని ఉన్నాయి.

సిగ్గుతో వాలిన కళ్లు కావవి. మొహాన వెలుగు కొడితే మూసుకునే కళ్లు. దుప్పట్టా కింద చీకటి. చిన్న కెమెరాకి చీకట్లో కనపడదు, ఫ్లాష్ తప్పదు. అసలు ఫోటో పడేముందు అది ఒక చిన్న మెరుపు కూడా వేస్తుంది. ఆ మెరుపుకే నస్రత్ కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి అద్దంలో ఇషాక్ ఉన్నాడు.

అంటే ఆ పిల్ల మొదటి చూపుని పోగొట్టింది పెద్ద కెమెరా ఒక్కటే కాదు. ఆ రోజు అద్దంలో మొహం బాగా పడిందా లేదా అనే చూసుకుంది గానీ, పెళ్లికూతురి కళ్లు చూసుకోలేదు షమా. మాటిచ్చి మరీ లోపల ఉన్నందుకు తను చేసిన ఉపకారం ఇదీ. ఆమెకి ఏడుపొచ్చింది.

వాసిం తలతిప్పి ఆమె కళ్లలోకి చూశాడు. అతనికి అర్థమైంది. ఆమెకి అర్థమైందని కూడా అర్థమైంది. జూమ్ వెనక్కి తెచ్చేశాడు.

"బాగుంది నాన్నా," అన్నాడు. అంతే అన్నాడు.

"బాగుందంటే చాలదురా! మీ అమ్మకి ఈ అగ్గిపెట్టెలో ఏం కనపడుద్ది?" రంజాన్ గారు ఇప్పుడు పెళ్లినాటి హుషారులోకి వచ్చేశారు. "ఇషాకూ, దీన్ని గోడంత చెయ్. మా హాల్లో గుమ్మానికి ఎదురుగా తగిలిస్తాను. మాటలన్న ప్రతివాడూ వచ్చి చూడాలి. ఆ పిల్ల కళ్లు ఎవర్ని చూస్తున్నాయో అందరికీ కనపడాలి. శుక్రవారం పెద్దల ముందు కూడా అదే పెడతాను. అది చూశాకే మా ఆవిడ కోడల్ని రానిస్తుంది."

"అంత పెద్దది ఎందుకులెండి," అంది షమా. "చిన్నది ఒకటి తీసి..."

"చిన్నదేంటమ్మా! పెద్దదే కావాలి. చేతవుద్దా కాదా ఇషాకూ?"

"కాకేం?" అన్నాడు ఇషాక్. "కార్డు ఇలా ఇవ్వు."

అందరూ ముందు గదిలోని స్టూడియోలోకి నడిచారు. కంప్యూటర్ బల్ల గోడ వారన ఉంది. మానిటర్ ఇషాక్ వైపుకి ఉంది. ఎదురు సోఫాలో రంజాన్ గారు, వాసిం కూర్చున్నారు. జానీబీ గుమ్మంలో చతికిలబడింది. షమా మొగుడి వెనక నిలబడింది.

ఫోటో వచ్చింది. ఇషాక్ దాన్ని ముందు మామూలుగా చూశాడు. తర్వాత పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. స్క్రీను నిండా రెండు మూసిన కళ్లు, కాటుక గీతతో సహా.

అతని మెడ మెల్లగా నిటారైంది. తల వెనక్కి వంచి, పెళ్లాం వైపు చూసి నవ్వాడు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో అంత సంతోషంగా అతను నవ్వడం షమా చూడలేదు.

"కళ్లు తెరిపిస్తాను," అన్నాడు గుసగుసగా. "మెహందీ రోజు ఫోటోల్లోంచి నస్రత్ కళ్లు తెచ్చి ఇక్కడ అతికిస్తే ఎవడికీ తెలీదు. ఆ పిల్ల కాపురం నిలబడుద్ది. కానీ నువ్వు ఇక కెమెరా ముట్టుకోకూడదు. చిన్నదీ లేదు, పెద్దదీ లేదు. కాదంటావా, మానిటర్ ఇటు తిప్పుతాను. నీ సబ్బుపెట్టె చేసిన ఘనకార్యం కూడా ఊరంతా చూస్తుంది."

"ఏంటయ్యా గుసగుసలు? బాగా వచ్చిందా?" అన్నారు రంజాన్ గారు.

"వచ్చిందండీ. చిన్న మెరుగులు దిద్దాలి. అదే మా ఆవిడని అడుగుతున్నాను, దిద్దమంటుందో వద్దంటుందో అని."

షమా తెర మీది కళ్ల వంకే చూస్తోంది. ఒక్క మాట అంటే చాలు. నస్రత్ తిరిగొస్తుంది. తిరిగొచ్చి ఆ హాల్లో, గోడంత ఫోటో కింద, రోజూ ఊడ్చుకుంటూ తిరుగుతుంది. గోడ మీది కళ్లు మొగుణ్ణి చూస్తుంటాయి. అవి ఆ క్షణంలో తెరిచిన కళ్లు కావని ఆమెకి తెలుస్తుంది. ఆమె మొగుడికీ తెలుస్తుంది. ఇషాక్‌కి ఎప్పుడు కోపమొస్తే అప్పుడు అందరికీ తెలుస్తుంది. ఒక అబద్ధానికి కాపలా కాస్తూ ఇద్దరు ఆడవాళ్లు రెండు ఇళ్లలో పడి ఉండాలి.

ఆమెకి భయం వేసింది. ఆ భయం మీదే కోపం కూడా వచ్చింది.

"నస్రత్ కళ్లు మీరు తెరిపించేదేంటి?" అంది.

గొంతు తగ్గించలేదు. రంజాన్ గారు ఉలిక్కిపడ్డారు. జానీబీ గుమ్మంలోంచి తలెత్తింది.

"ఏం మాట్లాడుతున్నావు? నోర్ముయ్," అన్నాడు ఇషాక్.

"మానిటర్ తిప్పండి."

"షమా!"

"తిప్పుతానని బెదిరించారుగా. తిప్పండి."

ఇషాక్ చెయ్యి మానిటర్ అంచు మీదే ఉంది గానీ కదల్లేదు. తిప్పితే తన చేతిలో ఇంకేమీ మిగలదని అతనికి అప్పుడు తట్టింది.

షమా సోఫా వైపు తిరిగింది. "వాసిం తమ్ముడూ, నువ్వూ చూశావు, నేనూ చూశాను. కెమెరా పెద్దదైతేనేం, చిన్నదైతేనేం, మేమిద్దరం కలిసి మీ ఇంటికి చెయ్యాల్సినంత చెరుపు చేశాం. ఇక మా ఫోటోలు నీ కాపురాన్ని నిలబెట్టవు. చెప్పాల్సింది నువ్వే."

రంజాన్ గారు కొడుకు వైపు తిరిగారు. ఆయన గొంతు మొదటిసారి కేకలా లేదు.

"ఏం చూశావురా?"

వాసిం తలవంచుకున్నాడు. చెప్పులకేసి చూశాడు. మూసి ఉన్న స్టూడియో షట్టర్ కేసి చూశాడు. చెప్పడులే, ఈ పిల్లాడు చెప్పలేడు అనుకుంది షమా. తప్పు చేశానా అని మళ్లీ తెర మీది కళ్ల వంక చూసింది.

అతని జేబులో ఫోను మళ్లీ మోగింది.

వాసిం తీసి పేరు చూసుకున్నాడు. తండ్రి, "తర్వాత మాట్లాడొచ్చు, పెట్టేయ్," అన్నారు.

అతను పెట్టెయ్యలేదు. లేచి నిలబడి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"నస్రత్, లైన్లోనే ఉండు," అన్నాడు తండ్రి మొహంలోకి సూటిగా చూస్తూ. "మన కాపురం గురించి నాన్నతో ఒక మాట చెప్పాలి. నువ్వు కూడా విను."